గేర్‌బాక్స్ ఇంట్లోనే దింపుతానంటున్న నాన్న

విశాఖ కూర్మన్నపాలెం నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు. అందులోని సంగతి ఇది.

వాళ్ళ నాన్నగారికి 68 ఏళ్ళు. స్టీల్ ప్లాంట్ వైర్ రాడ్ మిల్లులో మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. రెండేళ్ళ కింద గుండెకు స్టెంట్ వేశారు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారు. ఆయనకు 2013 మోడల్ పెట్రోల్ కారు ఉంది. మోకాళ్ళ నొప్పులతో క్లచ్ తొక్కలేక ఏరికోరి ఆటోమేటిక్ కొనుక్కున్నారు. ఈమధ్య పొద్దున్నే లీవర్ డ్రైవ్‌లో వేస్తే బండి రెండు మూడు సెకన్ల దాకా కదలడం లేదు. మొన్న సింహాచలం కొండ ఎక్కుతుంటే ఇంజిన్ రొద పెరిగిందే తప్ప బండి లాగలేదు. కాసేపు ఆపి తీస్తే మళ్ళీ మామూలుగా ఎక్కింది. దగ్గర్లోని ఒక షెడ్డుకు తీసుకెళ్తే, మెకానిక్ ఒక రౌండు నడిపి చూసి "గేర్‌బాక్స్ పోయింది, దింపాలి, లక్షా ముప్పై వేలవుతుంది" అన్నాడు. నాన్నగారు ఏదో అడగబోతే అక్కడి కుర్రాడు "మీకు తెలీదు లెండి పెద్దాయనా, అలా పక్కన కూర్చోండి" అన్నాడట.

ఆ సాయంత్రం నుంచి ఆయన గేర్‌బాక్స్ ఇంట్లో తానే దింపుతానని పట్టుబట్టారు. హైడ్రాలిక్ జాక్ కొన్నారు. పాత స్నేహితుడి దగ్గర చైన్ కప్పీ తెచ్చారు. దాన్ని పోర్టికో శ్లాబుకున్న ఉయ్యాల కొక్కేనికి తగిలించి ఇంజిన్‌ను పైనుంచి పట్టి ఉంచుతారట. బండి కింద పెట్టడానికి సిమెంట్ దిమ్మెలు సిద్ధం చేశారు. గేర్‌బాక్స్ దిగేటప్పుడు పట్టుకోవడానికి అల్లుణ్ణి, అంటే ఈ సోదరి భర్తను, రమ్మన్నారు. దసరాకు బండి పూజ చేసే నాటికి పని అయిపోవాలట. ఆ అల్లుడుగారికి పానా పట్టడం రాదు, మామగారికి కాదని చెప్పే ధైర్యమూ లేదు. అమ్మకు బీపీ పెరుగుతోంది. ఎవరేమన్నా ఆయన ఒకటే మాట: "ఏటమ్మా, మిల్లులో ఇంతకు పదింతల గేర్‌బాక్సులు దింపి ఎక్కించాను, ఇదెంత?"

ఆమె అడిగినవి మూడు. నాన్నను ఆపడం ఎలా? ఆపలేకపోతే ప్రమాదం లేకుండా చేయించడం ఎలా? బెంగళూరులో ఉన్న అన్నయ్యతో ఫోన్లో గట్టిగా చెప్పించమంటారా?

అమ్మా, షెడ్డులో కుర్రాడు అన్న మాటను మీరు మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు మాత్రం అసలు సంగతి అక్కడే ఉందనిపించింది. అంతకు ముందు దాకా నాన్నగారు బండిని షెడ్డుకే తీసుకెళ్ళారు కదా. ఇంట్లో దింపుతాననే మాట ఆ సాయంత్రం పుట్టింది. జీవితమంతా యంత్రాలతో గడిపిన మనిషిని, మనవడి వయసు కుర్రాడు, అదీ యంత్రం సంగతిలోనే, నీకు తెలీదు అన్నాడు. ఇప్పుడు ఇంటికొచ్చాక మీరూ అమ్మగారూ "మీకు వయసైంది, మీవల్ల కాదు" అంటున్నారు. మీరు ప్రేమతో అంటున్నారని నాకు తెలుసు. ఆయన చెవికి మాత్రం రెండూ ఒకేలా వినిపిస్తాయి. అందుకని "మీరు చెయ్యగలరా లేదా" అనే వాదనలోకి అసలు దిగకండి. అది ఎంత పెరిగితే జాక్ అంత తొందరగా బండి కిందికి వెళ్తుంది.

వాదన అవసరం లేకుండా మీ చేతిలో ఇంకో ప్రశ్న ఉంది. ఆ గేర్‌బాక్స్ దింపాల్సిన అవసరం ఉందని ఎవరు తేల్చారు? ఒక రౌండు నడిపిన మెకానిక్ చెప్పాడు, అంతే. ఆయిల్ చూసినట్టు మీరు రాయలేదు, స్కానర్ పెట్టినట్టు రాయలేదు. షెడ్డు మీద కోపం ఉన్నా, నాన్నగారు ఆ షెడ్డు తీర్పునే పట్టుకుని పని మొదలుపెడుతున్నారు. ఈ మాట ఆయనతో అనండి. ఫిట్టర్ అన్నవాడికి ఇది తగులుతుంది. జబ్బేమిటో తేలకుండా మిల్లులో ఏ గేర్‌బాక్సూ ఆయన విప్పి ఉండరు.

మీరు రాసిన రెండు లక్షణాలు, అంటే పొద్దున్నే ఆలస్యంగా అందుకోవడం, ఎత్తు ఎక్కేటప్పుడు జారిపోవడం, లోపలి క్లచ్ ప్లేట్లు అరిగినా వస్తాయి, ఉత్తినే ఆయిల్ తగ్గినా వస్తాయి. ఆటోమేటిక్‌లో కాలితో తొక్కే క్లచ్ ఉండదు గానీ గేర్‌బాక్స్ లోపల క్లచ్‌లు ఉంటాయి, వాటిని నొక్కి పట్టేది ఆయిల్ ఒత్తిడే. ఆయిల్ తక్కువున్న బండి కొండ ఎక్కుతుంటే ఉన్న కాస్తా ఒక పక్కకు చేరుతుంది, పంపు గాలి పీలుస్తుంది, ఒత్తిడి పడిపోతుంది, ఇంజిన్ రైజవుతుంది గానీ బండి లాగదు. ఇదే నిజమైతే ఏ యాక్సిల్ దగ్గరి ఆయిల్ సీలో, ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌కు వెళ్ళే పైపో కారుతూ ఉండాలి. పోర్టికోలో బండి నిలిపే చోట నేల మీద ఎర్రటి మరకలు ఉన్నాయేమో చూడండి. ఒక పాత అట్టపెట్టె విప్పి రాత్రి బండి కింద పరిస్తే పొద్దున్నకు తెలిసిపోతుంది.

తర్వాత గేర్ ఆయిల్ చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా చూడాలా, ఆపి చూడాలా అన్నది బండిని బట్టి మారుతుంది, ఆ బండి మాన్యువల్లో ఉంటుంది. కొన్ని బండ్లకు ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్, కూడా ఉండదు, కింద నుంచి ప్లగ్ విప్పి చూడాలి. అలాంటిదైతే ఇంట్లో వద్దు. డిప్‌స్టిక్ ఉంటే మట్టమైన చోట బండి పెట్టి చూడాలి. మన పోర్టికోలు నీళ్ళు పోవడానికి గేటు వైపు వాలుగా కడతారు కాబట్టి అక్కడ చూసిన లెక్క తప్పుతుంది. ఒక తెల్లటి గుడ్డ మీద రెండు చుక్కలు వేసి రంగు చూడండి. ఎర్రగా, తేటగా ఉంటే మంచిది. ముదురు గోధుమ రంగో నలుపో వచ్చి మాడు వాసన వేస్తే క్లచ్ ప్లేట్లు కాలాయని అర్థం. రోజ్ మిల్క్‌లా చిక్కగా గులాబీ రంగులో ఉంటే మాత్రం ఇక బండి స్టార్ట్ చెయ్యకండి. చాలా బండ్లలో గేర్ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టాలు రేడియేటర్ లోపలే ఉంటాయి, అవి చిల్లుపడి కూలెంట్ నీళ్ళు ఆయిల్లో కలిశాయన్న మాట. ఆ నీళ్ళతో క్లచ్ ప్లేట్ల మీది పూత ఊడొస్తుంది.

మూడోది స్కానర్. గేర్‌బాక్స్ కంప్యూటర్ దగ్గర తప్పుల కోడ్లు ఉంటాయి, స్కానర్ పెడితే అవి కనిపిస్తాయి. ఆయిల్ దారిని కరెంటుతో తెరిచి మూసే ఒక సోలెనాయిడ్ వాల్వు పనిచెయ్యకపోయినా, ఒక సెన్సర్ పోయినా బండి ఇలాగే ప్రవర్తించవచ్చు. చాలా మోడళ్ళలో సోలెనాయిడ్లను గేర్‌బాక్స్ బండికి ఉండగానే, అడుగున ఆయిల్ నిలిచే పళ్ళెం (పాన్) విప్పి మార్చవచ్చు. లక్షా ముప్పై వేలు దాకా వెళ్ళాల్సిన అవసరం ఉండదు.

ఈ మూడూ నాన్నగారు నిలబడి చేయించగల పనులు. బండి కింద పడుకోవాల్సింది లేదు. ఒక నోటు పుస్తకంలో రాసుకోమనండి, ఏ రోజు ఏ వేడిలో ఎక్కడ జారిందో. ఏ షెడ్డుకు వెళ్ళినా ఆ పుస్తకం చేతిలో ఉన్న మనిషిని పక్కన కూర్చోమనలేరు.

ఇక ఆయిల్ కాలి, పాన్‌లో లోహపు పొడి కనిపించి, దింపక తప్పదనే తేలిందనుకుందాం. అప్పుడు ఆ పని ఎలాంటిదో మీకూ తెలియాలి. అప్పుడే మీ భయాన్ని వివరంగా చెప్పగలుగుతారు, ఆయన వింటారు.

ఇలాంటి కార్లలో గేర్‌బాక్స్ ఇంజిన్ పక్కనే అడ్డంగా ఉంటుంది. ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే గుండ్రటి డబ్బా, టార్క్ కన్వర్టర్‌తో కలిపి 70 నుంచి 90 కిలోల దాకా తూగుతుంది. దాన్ని దింపాలంటే రెండు యాక్సిళ్ళు లాగాలి, స్టార్టర్ విప్పాలి, వైర్లూ కేబుళ్ళూ కూలర్ పైపులూ తియ్యాలి, కన్వర్టర్‌ను ఇంజిన్‌కు పట్టి ఉంచే బోల్టులను చిన్న సందులోంచి ఇంజిన్ తిప్పుకుంటూ ఒక్కొక్కటీ విప్పాలి. గేర్‌బాక్స్ మౌంట్లు తీసేసరికి ఇంజిన్‌కు ఒక పక్క ఆధారం పోతుంది కాబట్టి పైనుంచి పట్టి ఉంచాలి. చివరగా గేర్‌బాక్స్ కిందికి దిగి బంపర్ కింది నుంచి బయటికి జారాలంటే బండి ముందు భాగం దాదాపు రెండడుగులు లేవాలి. మామూలు జాక్ స్టాండ్లు అంత ఎత్తు రావు.

మీ పోర్టికోలో నన్ను భయపెట్టినవి మూడు ఉన్నాయి. మొదటిది ఆ ఉయ్యాల కొక్కెం. "ఇద్దరు కూర్చుని ఊగిన కొక్కెమే కదా" అని నాన్నగారు అంటారు. అది శ్లాబు లోపల ఏ చువ్వకు, ఎలా కట్టారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. మన విశాఖ ఉప్పుగాలికి బయటి ఇనుము కంటే కాంక్రీటులోకి దూరే మొదటి అంగుళం ముందు తుప్పు పడుతుంది, పైన రంగు వేసి ఉంటే కనపడదు. పైగా కొక్కెం పోర్టికో మధ్యలో ఉంటుంది, ఇంజిన్ సరిగ్గా దాని కిందికి రాకపోతే గొలుసు ఏటవాలుగా లాగుతుంది. ఉయ్యాల తెగితే మనిషి అడుగున్నర ఎత్తు నుంచి పడతాడు. ఇది తెగితే కింద మీ ఆయన ఉంటారు.

రెండోది సిమెంట్ దిమ్మెలు. గోడలో బరువు సమంగా పడితే మోస్తాయి, ఒక్క చోట ఇనుప అంచు నొక్కితే ముందస్తు హెచ్చరిక లేకుండా పగులుతాయి. జాక్ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి వెళ్ళడమూ అంతే ప్రమాదం, లోపలి సీలు ఎప్పుడు వదిలేస్తుందో తెలీదు. నున్నటి టైల్స్ మీద, వాలు నేల మీద స్టాండ్లు పెట్టినా జరుగుతాయి.

మూడోది ఎక్కువమందికి తట్టదు. లీవర్ పార్క్‌లో ఉంది కాబట్టి బండి కదలదు అనుకుంటారు. పార్క్ అన్నది గేర్‌బాక్స్ లోపల పడే తాళం. అది యాక్సిళ్ళ ద్వారా ముందు చక్రాలనే ఆపుతుంది. ముందు చక్రాలు గాల్లో ఉండి యాక్సిళ్ళు లాగేశాక ఆ తాళం దేన్నీ ఆపదు. వాలు నేల మీద బండిని పట్టుకునేవి వెనక చక్రాలకు వేసే హ్యాండ్ బ్రేకు, చెక్క దుంగలు మాత్రమే.

నాన్నగారి అనుభవానికి కూడా అందని ఒక చిక్కు ఇందులో ఉంది, ఇది ఆయనకు తప్పకుండా చదివి వినిపించండి. టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్‌తో కలిసే దిగాలి. దింపేటప్పుడు బాక్స్ ముందుకు వాలితే కన్వర్టర్ జారి కాళ్ళ మీద పడుతుంది, లోపలి ఆయిలంతా నేల మీదికొస్తుంది. తిరిగి ఎక్కించేటప్పుడు అది ఇంకా సున్నితం. కన్వర్టర్‌ను తిప్పుతూ లోపలికి నొక్కితే పంపులోకి, షాఫ్టుల పళ్ళలోకి దశలవారీగా దిగుతుంది, దిగిన ప్రతిసారీ చేతికి తెలుస్తుంది. పూర్తిగా దిగకుండానే గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు ఆనించి, మిగిలిన సందును బోల్టులు బిగించి దగ్గరకు లాగితే పంపు అక్కడికక్కడే విరుగుతుంది. ఇంజిన్ అంచూ గేర్‌బాక్స్ అంచూ ఉత్త చేత్తో నెడితే చాలు, అతుక్కోవాలి. కొత్త గేర్‌బాక్స్ పెట్టినా కూలర్‌లో ఇరుక్కున్న పాత చెత్తను కడగకపోతే అది మళ్ళీ ఇందులోకే వస్తుంది. చివర్లో చాలా బండ్లకు స్కానర్‌తో కంప్యూటర్‌కు కొత్తగా నేర్పించాలి. కాబట్టి ఇంట్లో ఎంత బాగా చేసినా ఆఖరికి ఏదో ఒక షెడ్డు గడప తొక్కక తప్పదు.

ఆయన ఆరోగ్యం సంగతి. రక్తం పల్చబడే మాత్రలు వాడేవారికి బండి కింద చిన్న రేకు గీసుకున్నా రక్తం తొందరగా ఆగదు. స్టెంట్ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి బరువు లాగడం మీద వాళ్ళ డాక్టరు మాటే చివరి మాట. మీరు చెప్పడం కన్నా, రెగ్యులర్ చెకప్‌కి వెళ్ళినప్పుడు నాన్నగారే అడిగేలా చూడండి. ఈ పని పేరు పెట్టి అడగాలి.

ఇప్పుడు దారులు చూద్దాం.

నేనైతే ఆయన కళ్ళ ముందు జరిగేలా షెడ్డులో చేయించడానికే మొగ్గుతాను. ఆ పాత షెడ్డు వద్దు. గాజువాక ఆటోనగర్ మీకు దగ్గరే, అక్కడ రెండు మూడు చోట్ల అడగండి. ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పిన అనుభవం ఉందా, లిఫ్ట్ ఉందా, స్కానర్ ఉందా, విప్పాక లోపలి భాగాలు చూపిస్తారా, పెద్దాయన పక్కన నిలబడి చూస్తే అభ్యంతరమా? చివరి ప్రశ్నకు మొహం చిట్లించిన చోట బండి పెట్టకండి. ఇందులో ఖర్చు తప్పదు. అయితే పనికి బాధ్యత వాళ్ళది, రిపేరుకు వారంటీ ఉంటే కాగితం మీద రాయించుకోవచ్చు. బండి నడిచే స్థితిలో లేకపోతే తాడు కట్టి లాగించకండి. ముందు చక్రాలు ఎత్తి తీసుకెళ్ళాలి, లేదా మొత్తం బండిని ట్రక్కు మీదికి ఎక్కించాలి. ఇంజిన్ ఆగి ఉంటే గేర్‌బాక్స్ పంపు తిరగదు, ఆయిల్ అందక లోపల ఉన్నదీ పాడవుతుంది.

ఆయన ఇంట్లోనే అని భీష్మించుకుంటే, దానికీ ఒక పద్ధతుంది, కాకపోతే అది ఇప్పటి ఏర్పాటు కాదు. గట్టి మట్టమైన సిమెంటు నేల, తగిన బరువు మోసే, అంత ఎత్తు వచ్చే స్టాండ్లు, కొక్కేనికి బదులు ఇంజిన్‌ను ముందు చక్రాల పైనుండే రెండు ఫెండర్ల గట్ల మీద ఆనించి పట్టే సపోర్ట్ బార్ లేదా చక్రాల క్రేను, గేర్‌బాక్స్‌కు పట్టీలున్న ట్రాన్స్‌మిషన్ జాక్, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్, కింద పని చెయ్యడానికి ఇది తెలిసిన ఒక మెకానిక్. బ్యాటరీ నెగటివ్ ముందే తీసెయ్యాలి. యాక్సిల్ నట్లు చక్రాలు నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలి. స్టాండ్ల మీద ఉన్న బండికి పానాకి పైపు తొడిగి బలం పెడితే బండి ఊగుతుంది, మన ఊరి తుప్పుకు ఆ బలం తప్పకుండా పెట్టాల్సి వస్తుంది. తీసిన ఆయిల్ కాలవలో పొయ్యకూడదు, డబ్బాలో పట్టి వాడిన ఆయిల్ సేకరించే షెడ్డుకు ఇవ్వాలి. ఇవన్నీ కొని, అద్దెకు తెచ్చి, మెకానిక్‌కు కూలి ఇచ్చేసరికి మిగిలేది పెద్దగా ఉండదు. పోర్టికోలో బండి వారాల తరబడి విప్పి ఉంటుంది. దసరా గడువు పెట్టుకుంటే అదే తొందర పెడుతుంది, కాబట్టి ఏ దారి పట్టినా ఆ గడువు తియ్యించండి. నడవని బండికీ పూజ చేస్తాం.

ఇంకో దారి, ఇంత ఖర్చు ఈ బండి మీద పెట్టాలా అని ఆలోచించడం. 2013 బండి కాబట్టి 2028తో 15 ఏళ్ళ రిజిస్ట్రేషన్ అయిపోతుంది, ఫిట్‌నెస్ చూపించి మళ్ళీ చేయించుకోవాలి. మామూలు ఇన్సూరెన్స్ యంత్రం అరుగుదలకు ఒక్క రూపాయి ఇవ్వదు. ఉన్నదున్నట్టు అమ్మితే తక్కువే వస్తుంది, అయినా ఒక్కోసారి లెక్క అటే తేలుతుంది. ఇది ఆయనతో మాట్లాడాలంటే ముందు జబ్బేమిటో తెలిసి ఉండాలి. ఇప్పుడే "అమ్మేద్దాం" అంటే గాయం మీద కారం చల్లినట్టవుతుంది.

ఆయనతో మాట్లాడేటప్పుడు ప్లాంట్ మాటలే వాడండి. "నాన్నా, మిల్లులో గేర్‌బాక్స్ దింపేటప్పుడు పర్మిట్ ఎవరిచ్చేవారు? క్రేన్ ఎవరు నడిపేవారు? గొలుసు ఎవరు చూసేవారు?" అని అడిగి, చెప్పనివ్వండి. షట్‌డౌన్ తీసుకున్నాం, క్రేన్ ఉంది, బరువులు కట్టి ఎత్తే రిగ్గర్లు ఉన్నారు, గొలుసు మీద ఎంత మోస్తుందో రాసి ఉంది అని ఆయన నోటితోనే వస్తుంది. అక్కడ ఇంకేం అనకండి. కొక్కెం వైపు ఆయనే చూస్తారు.

మీ వారి సంగతి మీరు రెండు వాక్యాల్లో రాశారు గానీ, రేపు ఆ బరువు కింద చేతులు పెట్టేది ఆయనే. పని రాని మనిషి అక్కడ ఉంటే నాన్నగారికి కూడా ప్రమాదమే, కంగారులో ఏ బోల్టు వదిలేస్తారో తెలీదు. కాదనడం మామగారికి అమర్యాద అని ఆయన అనుకుంటున్నారు. మీ ద్వారా కాకుండా ఆయనే వెళ్ళి "మామయ్యగారూ, నాకు ఈ పని రాదు, భయంగా ఉంది, కింద మాత్రం పట్టుకోలేను. ఆటోనగర్‌లో షెడ్లు తిరగడానికి మీతో నేనొస్తా" అని చెప్పాలి. అల్లుడు భయంగా ఉందని నోరు విప్పి చెబితే, కొడుకులాంటి వాణ్ణి అందులోకి దింపే మనిషి కాదు మీ నాన్నగారు, ఉత్తరం చదివితే నాకలాగే అనిపించింది.

అన్నయ్యతో గట్టిగా చెప్పించవద్దు. దూరాన ఉన్న కొడుకు ఫోన్లో కోప్పడితే ఆయన ఆ రాత్రే మొదలుపెట్టవచ్చు. అన్నయ్యకు సాయం చెయ్యాలని ఉంటే, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ సంపాదించి నాన్నకు పంపించమనండి. గేర్‌బాక్స్ అధ్యాయం ఆయన మొదటి నుంచి చివరి దాకా చదువుతారు, కన్వర్టర్ సంగతి నా మాట మీద నమ్మక్కర్లేకుండా అందులోనే కనిపిస్తుంది.

ఆయిల్ రంగు, స్కానర్‌లో వచ్చిన కోడ్లు, అట్ట మీద మరక ఏ పక్క పడిందో రాసి పంపండి. మోడల్ పేరు కూడా రాస్తే, పాన్ విప్పితే సరిపోయే రకమో కాదో చెప్పగలుగుతాను. అప్పటిదాకా ఆ బండిని కొండ ఎక్కించకండి.